నాన్నగారికి కిడ్నీ మార్పిడి కుదరదన్నాక: ఏ దారి ఎవరికి తగుతుంది?

మా నాన్నగారికి కిడ్నీ మార్పిడి చేయడం కుదరదని నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రివారు చెప్పిన రోజున, ఒకే గదిలో ఒకే మాట విన్న మేము నలుగురం దానిని నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నాము. తన కిడ్నీ పనికిరాదన్నారని అమ్మ కుమిలిపోయింది. డబ్బు కట్టలేమనుకున్నారేమోనని చెల్లెలు అనుమానించింది. ఇక చేయగలిగినది ఏమీ లేదన్నారని నేను అనుకున్నాను. డాక్టరుగారు ఈ మూడింటిలో ఏదీ అనలేదు. గుండె పంపింగ్ 30 శాతమే ఉన్నందువల్ల మత్తు ఇచ్చి అంత పెద్ద ఆపరేషన్ చేస్తే మేలు కంటె ప్రమాదమే ఎక్కువని మాత్రం చెప్పారు. సరిగా విన్నది నాన్నగారు ఒక్కరే. తిరిగివస్తూ రావులపాలెం వంతెన మీద ఉండగా, "ఆపరేషన్ వద్దన్నారంతే కదరా, దానికి అందరూ అలా అయిపోయారేం?" అన్నారు.

ఆ తరువాత ఏడాదిన్నరలో మేము చూసిన దారులను, వాటిలో ఏది ఎలాంటి ఇంటికి తగుతుందో నాకు తోచినంతవరకు ఇక్కడ పోల్చి చెబుతున్నాను. రాజమహేంద్రవరానికి దిగువన, గోదావరి పాయల మధ్య, కాలువ గట్ల మీద, లంకల్లో ఉండేవారికి ఈ ఎంపిక నగరవాసుల ఎంపిక లాంటిది కాదు. అందుకే దూరాల గురించి, వరదల గురించి, కొబ్బరి బోండాల గురించి కూడా రాయక తప్పలేదు.

ముందుగా తేలవలసినది: కాదన్నది ఎవరిని?

"కుదరదు" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు ఉంటాయి. ఇచ్చేవారు సరిపోకపోవడం ఒకటి, పుచ్చుకునేవారు ప్రస్తుతానికి సిద్ధంగా లేకపోవడం రెండవది, పుచ్చుకునేవారి శరీరం ఇక ఎప్పటికీ ఆ ఆపరేషన్‌కు తట్టుకోదని తేలడం మూడవది. మీ నాన్నగారిదో అమ్మగారిదో ఈ మూడింటిలో ఏ కోవకు చెందినదో తెలియకుండా తరువాతి అడుగు వేస్తే డబ్బూ కాలమూ రెండూ వృథా అవుతాయి. కాబట్టి ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే ముందే కారణాన్ని కాగితం మీద రాయించుకోవాలి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. "ఏ కారణం వల్ల కాదన్నారు, ఆ కారణం మారే అవకాశం ఉందా, ఉంటే మళ్ళీ ఎప్పుడు రావాలి" అన్న మూడు ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు ఉండాలి.

ఇచ్చేవారి దగ్గర చిక్కు వస్తే తలుపులు ఇంకా చాలానే తెరిచి ఉన్నట్లు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్ళు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కిడ్నీ ఇవ్వగల దగ్గరి బంధువులు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మ నానమ్మలు, మనవలు, మనవరాళ్ళు కూడా ఆ జాబితాలో చేరారు. అదే సవరణ మరొక వెసులుబాటు కూడా ఇచ్చింది. మీ అమ్మగారి కిడ్నీ మీ నాన్నగారికి సరిపోకపోయినా, అటువంటి చిక్కులోనే ఉన్న మరొక దంపతులకు సరిపోయి, వారిది మీకు సరిపోతే, ఇరు కుటుంబాలూ ఇచ్చిపుచ్చుకోవచ్చు. రక్తం గ్రూపు కలవకపోయినా ముందుగా ప్లాస్మా శుద్ధి చేసి మార్పిడి చేసే పద్ధతి ఉన్నది గాని, ఖర్చు బాగా పెరుగుతుంది, సూక్ష్మజీవుల బెడద కూడా ఎక్కువ. ఈ రెండింటిలో ఇచ్చిపుచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం. కాకపోతే జత దొరికేదాకా ఓపిక పట్టాలి. ఇక రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ కింద పేరు నమోదు చేయించుకుని, బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవం కోసం ఎదురుచూడడం మరొక దారి. "65 దాటాయి కాబట్టి పేరు రాయరు" అని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ఆ వయోపరిమితినీ, సొంత రాష్ట్రంలోనే నమోదు చేయించుకోవాలన్న షరతునూ కేంద్ర ప్రభుత్వం 2023లో తొలగించింది. వయస్సు అంకెను మాత్రమే చూపి కాదన్నవారిని, శరీరంలో ఏ లోపం చూసి కాదంటున్నారని మళ్ళీ అడగడంలో తప్పు లేదు.

ప్రస్తుతానికి మాత్రమే కాదనిపించుకున్నవారిది చాలామంది అనుకునేదాని కంటె మంచి స్థితి. క్షయ ఉంటే మందులు పూర్తిగా వాడాలి, అది మామూలుగా ఆరు నెలల పని. హెపటైటిస్ సి ఒకప్పుడు పెద్ద అడ్డు. ఇప్పుడు ఎక్కువమందిలో 12 వారాల మాత్రలతో నయమవుతున్నది. గుండె రక్తనాళాలలో అడ్డంకులు ఉంటే స్టెంటో బైపాసో చేయించుకుని, డాక్టర్లు చెప్పిన గడువు తరువాత మళ్ళీ రావచ్చు. కేన్సరుకు చికిత్స పొందినవారిని, అది ఏ రకమన్నదానిని బట్టి, చాలా సందర్భాలలో రెండు నుంచి ఐదేళ్ళ వరకు ఆగమంటారు. పుచ్చిన పన్ను కూడా ఒక కారణమే. ఈ కోవలో ఉన్నవారు ఒక జాగ్రత్త తప్పక పాటించాలి: అత్యవసరం కాకపోతే రక్తం ఎక్కించుకోకూడదు. ఎక్కించిన ప్రతిసారీ శరీరంలో కొత్త యాంటీబాడీలు పుట్టి, రేపు దొరకబోయే కిడ్నీని తిరస్కరించే అవకాశం పెరుగుతుంది. రక్తం తగ్గితే దానిని పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్లతో, ఐరన్‌తో సరిపెట్టుకోవచ్చునేమో ముందు అడగాలి.

మూడవ కోవలో, అంటే శరీరమే తట్టుకోదని తేలినప్పుడు, రెండో అభిప్రాయం తీసుకోవాలా వద్దా అన్నది మొదటి పోలిక. ఒకసారి తీసుకోవాలనే అంటాను. మార్పిడికి ఎవరు తగుదురన్నది కొలబద్ద పెట్టి కొలిచేది కాదు, ఒక బృందం కూర్చుని చేసే అంచనా. ఒకచోట ఒప్పుకోని గుండెను మరొకచోట ఒప్పుకోవచ్చు. హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్, 1971 నుంచి మార్పిడులు చేస్తున్న వెల్లూరు సీఎంసీ వంటి బోధనాసుపత్రులను ఇందుకు నేను ముందు పెడతాను, ఎందుకంటే అక్కడి మాట ప్యాకేజీ ధరతో ముడిపడి ఉండదు. ఎకో, యాంజియోగ్రామ్, వైరల్ పరీక్షలు, ఇచ్చేవారి కిడ్నీ సరిపోతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ రిపోర్టులు, కాదన్న కాగితం అన్నీ వెంట తీసుకువెళ్ళాలి. కిడ్నీ మార్పిడికోసమో డయాలసిస్ కోసమో ప్రయాణించే రోగికీ, తోడు వెళ్ళే ఒకరికీ రైల్వేవారు స్లీపర్, మూడో తరగతి ఏసీలలో 75 శాతం రాయితీ ఇస్తారు; డాక్టరు ధ్రువపత్రం ముందే రాయించుకుంటే నర్సాపురంలోనైనా రాజమండ్రిలోనైనా టికెట్టు కౌంటరులో పని జరుగుతుంది.

రెండోచోట కూడా అదే కారణం చెబితే అక్కడితో ఆగడం మంచిది. మూడో నగరం, నాలుగో నగరం తిరగడం చికిత్స కాదు, మన మనస్సును ఊరడించుకోవడం. ఆ ఊరడింపు ఖరీదు నీరసించిన తండ్రి రైలు ప్రయాణాలతో చెల్లిస్తాడు. మేము మూడోచోటికి కూడా వెళ్ళాము. వెళ్ళకుండా ఉండవలసింది.

డయాలసిస్ కేంద్రమా, ఇంట్లో సంచులా?

అసలైన ఎంపిక ఇక్కడ ఉన్నది. మార్పిడి లేదన్నాక డయాలసిస్ రెండు రకాలుగా చేయించుకోవచ్చు. యంత్రం మీద రక్తాన్ని శుద్ధి చేసే హీమోడయాలసిస్ ఒకటి. కడుపులో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా సంచిలోని ద్రవాన్ని నింపి, కొన్ని గంటల తరువాత తీసివేసే సీఏపీడీ రెండవది. మన వైపు మొదటిదాని గురించి అందరికీ తెలుసు. రెండోదాని గురించి అడిగితేగాని చెప్పరు. చాలామంది రెండోదాని పేరు కూడా వినకుండానే మెడలో గొట్టం వేయించుకుని యంత్రం పక్కన పడుకుంటున్నారు. మేమూ మొదట అలాగే చేశాము.

కాలం లెక్క చూడండి. యంత్రం మీద ఒక్కో విడత నాలుగు గంటలు, సరిగా జరగాలంటే వారానికి మూడుసార్లు. మా ఊరి నుంచి కేంద్రానికి వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, సూదులు గుచ్చడానికీ, తీశాక రక్తం ఆగడానికీ, తమ వంతు వచ్చేదాకా కూర్చోవడానికీ కలిపి మరొక గంట. అంటే రోజుకు ఎనిమిది, వారానికి ఇరవై నాలుగు గంటలు. వచ్చాక ఆ సాయంత్రమంతా మనిషి మంచం దిగలేడు, దానిని ఈ లెక్కలో వేయలేదు. సీఏపీడీలో ఒక్కో మార్పుకు అరగంట నుంచి నలభై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. వారానికి కలిపితే పద్ధెనిమిది గంటల దాకా అవుతుంది. కాబట్టి సంచులతో సమయం మిగులుతుందనే మాట అంత నిజం కాదు. తేడా ఏమిటంటే, ఆ గంటలన్నీ సొంత ఇంట్లో, మన వీలునుబట్టి జరుగుతాయి. అయితే సెలవు ఉండదు. పండుగైనా పెళ్ళైనా సంచి మార్చవలసిందే. కేంద్రానికి వెళ్ళేవారికి మధ్యలో వచ్చే ఖాళీ రోజులు నిజంగా ఖాళీ రోజులు.

ఖర్చు సంగతి త్వరగా ముగిస్తాను. ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో హీమోడయాలసిస్ ఉన్నది, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉన్నది. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో 2019 నుంచి ఇంటి పద్ధతికి కూడా చోటు కల్పించారు. సంచులు ఏ మేరకు అందుతాయో, మిగిలినవి మనమే కొనుక్కోవలసి వస్తుందో మాత్రం గొట్టం వేయించుకోక ముందే ఆసుపత్రిలో పథకం సంగతులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి, తరువాత కాదు.

గుండె బలహీనంగా ఉన్నందువల్లనే మార్పిడి వద్దనిపించుకున్నవారికి ఈ పోలికలో ఇంకొక మెలిక ఉన్నది. యంత్రం కోసం చేతిలో సిరను ధమనిని కలిపి చేసే ఫిస్టులా గుండె మీద కొంత అదనపు భారం వేస్తుంది. పైగా రెండు రోజుల నీటిని నాలుగు గంటలలో లాగివేసేటప్పుడు బీపీ పడిపోతుంటుంది. కడుపు పద్ధతిలో నీరు రోజంతా నెమ్మదిగా పోతుంది కనుక గుండెకు కుదుపు తక్కువ. గుండె బాగుండి, వేరే కారణంతో మార్పిడి కాదన్నవారికి ఫిస్టులా మంచి దారే. అది పక్వం కావడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిపోయి మెడలో తాత్కాలిక గొట్టం వేసే పరిస్థితి రాకముందే చేయించుకోవాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బియ్యం బస్తా ఎత్తకూడదు.

డెల్టాలో ఉండేవారు కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు నీళ్ళ గురించి తప్పక అడగాలి. ఒక్క విడత డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. సముద్రం దగ్గరి మండలాలలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని మనకు తెలిసినదే. ఆర్వో ప్లాంటు నీటిని ఎన్నాళ్ళకోసారి పరీక్ష చేయిస్తున్నారో అడిగితే మంచి కేంద్రంవారు రికార్డు తీసి చూపిస్తారు. హెపటైటిస్ ఉన్నవారికి వేరే యంత్రం పెట్టారా అన్నది రెండో ప్రశ్న. వారానికి మూడు విడతలకు చోటు ఉన్నదా, రెండిటితో సరిపెట్టమంటారా అన్నది మూడవది. కాకినాడ జీజీహెచ్ వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలా, దగ్గరి పట్టణంలో చిన్న కేంద్రానికి వెళ్ళాలా అని తికమకపడేవారికి, ఈ మూడు జవాబులూ బాగుంటే దగ్గరిదే ఎంచుకోమని చెబుతాను. వారానికి ఆరుసార్లు ప్రయాణించే శరీరానికి ఇరవై కిలోమీటర్ల తేడా చిన్నది కాదు.

ఇక వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల వద్ద ఎగురవేస్తారు, అప్పటికే లంకలవారు పడవల మీద ఉంటారు. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆగిపోయినప్పుడు, కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడు, డయాలసిస్ రోగికి తప్పిపోయే ఒక్కొక్క విడతా ప్రాణం మీది సంగతి. యంత్రాన్ని ఎంచుకున్న లంకవాసులు మొదటి హెచ్చరిక వినగానే కేంద్రం ఉన్న ఊళ్ళో బంధువుల ఇంటికి చేరిపోవాలి, రెండోదాకా ఆగకూడదు. విడత తప్పితే ఏం తినాలో, నీరు ఎంత తగ్గించాలో, పొటాషియం తగ్గించే పొడి ఎంత వేసుకోవాలో డాక్టరు చేత ముందుగానే రాయించుకుని, ఆ కాగితాన్ని మందుల సంచిలో పెట్టుకోవాలి. సీఏపీడీకి కరెంటు అక్కరలేదు, పంటు అక్కరలేదు, సంచులు ఇంట్లో ఉంటే చాలు. కాని నెలకు నూట ఇరవై దాకా రెండు లీటర్ల సంచులంటే పావు టన్నుకు దగ్గర. వాటిని తడి తగలని ఎత్తులో పెట్టాలి. మా ఇంట్లో ఒకప్పుడు ధాన్యం పోసిన గదిలో బల్లల మీద పేర్చాము, వానాకాలంలో పది రోజులకు సరిపడా అటక మీదికి ఎక్కిస్తాము.

శుభ్రత విషయంలో మాత్రం సీఏపీడీ కఠినమైనది. సంచి మార్చే గదిలో తలుపు మూసి, ఫ్యాను ఆపి, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు పద్ధతి ప్రకారం కడుక్కుని కూర్చోవాలి. ఆ అరగంట మే నెలలో ఎలా ఉంటుందో కోనసీమవారికి చెప్పనవసరం లేదు. బయటికి వచ్చిన ద్రవం మబ్బుగా, కుడితినీళ్ళలా కనిపించిందంటే కడుపు పొరకు ఇన్‌ఫెక్షన్ సోకినట్లే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. చెరువు స్నానం, కాలువ స్నానం ఇక లేవు. 2027 పుష్కరాలలో మునక వేయాలని ఆశపెట్టుకున్న పెద్దలకు ఈ సంగతి ముందే చెప్పాలి. నీళ్ళు తల మీద చల్లుకుంటే చాలునని మా పురోహితుడుగారు నాన్నగారికి నచ్చజెప్పారు. ద్రవంలో చక్కెర ఉంటుంది కనుక షుగరు ఉన్నవారికి ఇన్సులిన్ మోతాదు పెరగవచ్చు. కంటిచూపు మందగించి, చేతులు వణికి, ఇంట్లో మరొక మనిషి తోడు లేనివారికి నేను దీనిని సిఫారసు చేయను.

తిండి దగ్గర ఈ రెండింటికీ ఉన్న తేడా మన ప్రాంతంలో మరీ పెద్దదిగా కనిపిస్తుంది. యంత్రం మీద ఉన్నవారికి ఒక బోండంలోని నీళ్ళే ఆరేడు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఇస్తాయి, ఒక అరటిపండు నాలుగు వందల దాకా ఇస్తుంది. రోజంతటికీ కలిపి చాలామందికి డాక్టర్లు పెట్టే హద్దు 2,000 మిల్లీగ్రాములు. పొటాషియం పెరిగితే గుండె చెప్పకుండా ఆగిపోవచ్చు. "కొబ్బరి నీళ్ళు చలవ, కిడ్నీలకు మంచిది" అంటూ పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ బోండాల గెల తెచ్చే ఊళ్ళో ఈ మాట గుమ్మానికి రాసి అంటించాలి. కంద, చేమ వంటివి తప్పనిసరి అయితే ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఆ సోడియం స్థానంలో ఉండేది పొటాషియమే. అది ఇంట్లోకి రానివ్వకూడదు. సీఏపీడీలో పొటాషియం రోజూ పోతుంటుంది కనుక కొంత వెసులుబాటు దొరుకుతుంది, కాని మాంసకృత్తులు కూడా పోతాయి కాబట్టి గుడ్డు, చేప పెంచమంటారు. ఆవకాయ, ఉప్పుచేప మాత్రం రెండింటిలోనూ దూరమే. దాహం వేసి నీళ్ళు ఎక్కువ తాగేలా చేసేవి అవే.

ఊళ్ళోనే ఉండాలా, పిల్లల దగ్గరికి వెళ్ళాలా?

పిల్లలు హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న ఇళ్ళన్నింటిలో ఈ ప్రశ్న వస్తుంది. నగరంలో కేంద్రం పక్క వీధిలో ఉంటుంది, అర్ధరాత్రి ఆయాసం వస్తే పావుగంటలో ఆసుపత్రిలో ఉంటాము. కాని మూడో అంతస్తు ఫ్లాటులో, పలకరించే మనిషి లేక, కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళాక టీవీ ముందు కూర్చున్న తండ్రికి డయాలసిస్ తప్ప మరొక పని ఉండదు. మార్పిడి కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నవారు, రెండు మూడు నెలలలో మళ్ళీ పరీక్షలకు రమ్మన్నవారు నగరానికి దగ్గరగా ఉండడమే సబబు. ఇక మార్పిడి లేదని తేలినవారికి, ఊళ్ళో తోడు ఉండి, అరగంట దూరంలో కేంద్రమో లేక ఇంట్లో సంచులో ఉంటే, ఊరే మంచిదని నా అభిప్రాయం. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ అని పంచుకోవడం కాగితం మీద బాగుంటుంది గాని, మారిన ప్రతిసారీ కొత్త కేంద్రంలో చోటు, కొత్త డాక్టరు, పథకంలో కొత్త అనుమతి.

డయాలసిస్ వద్దనుకునే దారి

దీని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే తండ్రిని వదిలేశారంటారు. అయినా ఇది ఒక వైద్య పద్ధతే. డెబ్బై అయిదు, ఎనభై దాటి, గుండె జబ్బుతోపాటు మరొకటో రెండో జబ్బులుండి, ఒకరి సాయం లేకుండా లేవలేని స్థితిలో ఉన్నవారికి డయాలసిస్ వల్ల పెరిగే ఆయుష్షు చాలా తక్కువ, ఆ పెరిగినదానిలో ఎక్కువ భాగం ఆసుపత్రిలోనే గడిచిపోవచ్చు. అటువంటివారికి మందులతోనే నీరు తగ్గిస్తూ, రక్తం పెంచుతూ, దురద, వికారం, ఆయాసం అదుపులో ఉంచుతూ ఇంట్లోనే చూసుకోవచ్చు. నొప్పికి మందు రాసేటప్పుడు కిడ్నీ సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి. మామూలు నొప్పి మాత్రలలో చాలావరకు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి, మార్ఫిన్ శరీరంలో పేరుకుపోతుంది కనుక ఫెంటానిల్ వంటివి మేలు.

ఏదీ తేల్చుకోలేనివారికి మధ్యేమార్గం ఒకటి ఉన్నది: రెండు మూడు నెలలు డయాలసిస్ చేయించి చూసి, ఆ తరువాత కొనసాగించాలా వద్దా అని మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవడం. ఆ గడువును మొదలుపెట్టే రోజునే డాక్టరుతో కలిసి పెట్టుకోవాలి, లేకపోతే మాట్లాడుకునే రోజు రానే రాదు. ఆపివేస్తే, మూత్రం అసలు రానివారికి సాధారణంగా వారం పది రోజులే ఉంటుందన్న సంగతి కూడా అప్పుడే చెప్పుకోవాలి. వెంటిలేటరు వంటివి తనకు వద్దని పెద్దలు ముందుగా రాసిపెట్టుకునే పత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023 జనవరిలో విధానాన్ని సులభం చేసింది. ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో చేయించవచ్చు.

ఎంపికలో చోటే ఇవ్వకూడనివి రెండు ఉన్నాయి. కిడ్నీ కొనిపెడతామనే దళారి మాట విన్నవారికి ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా ఉన్నాయి. పైగా ఆపరేషన్‌కే తట్టుకోదని తేలిన శరీరానికి ఎవరి కిడ్నీ దొరికినా ఫలితం ఒకటే. ఆకుపసరులు, భస్మాలు మిగిలి ఉన్న కాస్త మూత్రాన్ని కూడా ఆపేయగలవు. ఆ కాస్త మూత్రమే డయాలసిస్ రోగికి పెద్ద ఆస్తి.

మాటలు

అమ్మ రక్తం గ్రూపూ నాన్నగారిదీ ఒకటే. అందువల్ల తన కిడ్నీ ఉండి కూడా ఇవ్వలేకపోయానన్న బాధ ఆమెను చాలాకాలం వదలలేదు. మీ ఇంట్లోనూ ఇవ్వడానికి సిద్ధపడినవారు ఇటువంటి బాధలో ఉంటారు, రోగిని పలకరించే హడావుడిలో వారిని ఎవరూ పట్టించుకోరు. తరువాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, "ఈవిడ కిడ్నీలో లోపం ఏమైనా ఉన్నదాండీ?" అని ఆమె ఎదుటే అడగండి. లేదని డాక్టరు నోట వినడం, మనం వందసార్లు చెప్పినదాని కంటె ఎక్కువ పని చేస్తుంది. మా చెల్లెలు తానిస్తానని ముందుకు వచ్చినప్పుడు నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడాన్ని తనపై ప్రేమ లేకపోవడంగా తీసుకోవద్దని ఆమెకు విడిగా చెప్పవలసి వచ్చింది.

నిర్ణయం ఎవరిది అన్న దగ్గర నేను పొరపాటు చేశాను. మొదటి మూడు నెలలూ నాన్నగారి ముందు రిపోర్టుల గురించి మాట్లాడుకోకుండా వరండాలోకి వెళ్ళి మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు కేంద్రంలో టెక్నీషియన్ కుర్రాడు, "బాబాయ్ గారూ, మీకు ఇంట్లో సంచులు పెట్టుకుంటే బావుంటుందని ఎవరూ చెప్పలేదాండీ?" అని ఆయన్నే అడిగాడు. ఆ సాయంత్రం నాన్నగారు నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగారు: సంచి ఎంత బరువు, ఎవరు మారుస్తారు, అమ్మకు నేర్పుతారా, తోటలోకి వెళ్ళవచ్చునా. ఎన్నేళ్ళు బతుకుతానని మాత్రం అడగలేదు. ఏది ఎంచుకోవాలన్నా, మీ నాన్నగారు దేని గురించి అడుగుతున్నారో వినడం నుంచి మొదలుపెట్టండి. దూరం గురించా, ఖర్చు గురించా, మనవరాలి పెళ్ళి గురించా అన్నదానిని బట్టి పైన రాసిన పోలికలలో ఏది ముందుకు వస్తుందో తెలుస్తుంది.

కడుపులో గొట్టం వేయించాక రెండు వారాలు ఆగి సంచులు మొదలుపెట్టాము. ఆరు నెలల తరువాత ఎకో తీస్తే పంపింగ్ 38కి వచ్చింది; డయాలసిస్ సరిగా సాగితే కొందరిలో గుండె ఇలా కోలుకుంటుంది, అందుకే ఒకసారి కాదనిపించుకున్నవారు ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ చూపించుకోవాలి. మళ్ళీ వెళ్ళాము. బృందం మళ్ళీ కూర్చుని, ఇంకా చాలదని చెప్పింది. ఈసారి అమ్మ ఏడవలేదు, దారిలో టిఫిను కోసం తణుకులో ఆగాము. ఉదయం ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి తొమ్మిది అని నర్సు రాసిచ్చిన వేళలను ఒక గంట అటూఇటూ మార్చుకోవచ్చని అప్పుడే అడిగి తెలుసుకున్నారు నాన్నగారు. ఇప్పుడు తోటలో కొబ్బరి దింపు ఉన్న రోజున పదకొండు గంటల సంచిని పదింటికే ముగించి, కాయలు లెక్కపెట్టడానికి గట్టు మీద కుర్చీ వేయించుకుంటారు.